మీ బ్రూనో కుంటేది నిజమా, ఓవరాక్షనా? కాలు మారుతుంటే మాత్రం నవ్వకండి

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. కూకట్‌పల్లిలో నాలుగో ఫ్లోర్, రెండేళ్ల మగ ల్యాబ్రడార్ కుక్క, పేరు బ్రూనో. ఆ మధ్య బాల్కనీ తలుపు సందులో ముందుకాలు పడి నలిగింది, డాక్టర్‌కి చూపిస్తే ఎముకకేం కాలేదు వాపు తగ్గిపోతుంది అన్నారు, తగ్గింది కూడా. ఇప్పుడేమో మీ అత్తయ్యగారు హాల్లోకి రావడం ఆలస్యం కుంటడం మొదలు, బాల్ విసిరితే మాత్రం గాల్లో ఎగురుతాడు, పైగా ఒకరోజు ఎడమకాలు ఒకరోజు కుడికాలు. తిడితే మూలకి పోయి గోడవైపు మొహం పెట్టి కూర్చుంటాడు, పిలిచినా తిరిగి చూడడు. మీరంతా వీడియోలు తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి నవ్వుకుంటున్నారు, మీ ఆయన మాత్రం "గారాబం ఎక్కువై నెత్తికెక్కాడు, రెండు తగిలిస్తే కుంటుడు మానేస్తాడు" అంటున్నారు. ఇదే కదా.

నేను రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివి ఈ ఊళ్లోనే చిన్న క్లినిక్ నడుపుతున్నా, ఇట్లాంటి కేసులు వారంలో ఒకటైనా వస్తాయి. మీ ఆయనకి ముందు చెప్పండి, చెయ్యి మాత్రం ఎత్తొద్దని. నకరాలా నిజమా అనేది ఇంట్లో కూర్చుని ఓట్లేసి తేల్చేది కాదు, ముందు ఒంట్లో ఏం లేదని తేలాలి, ఆ తర్వాతే యాక్టింగ్ సంగతి. చాలా ఇళ్లల్లో ఇది రివర్స్‌లో జరుగుతుంది, ముందు డ్రామా అని ముద్ర వేసేస్తారు, ఆ తర్వాత అది నిజంగా మూలిగినా ఎవరూ లేవరు.

మీరు రాసినదాంట్లో అన్నిటికంటే సరదాగా రాసింది కాలు మారడం గురించి, నాకు అన్నిటికంటే భయం వేసింది కూడా అక్కడే. "దొంగ దొరికాడు, ఏ కాలు కుంటాలో మర్చిపోయాడు" అని రీల్స్ కింద అందరూ నవ్వే బొమ్మలు పెడుతుంటారు చూశారా, అదే వీడియో మాలాంటి వాళ్లం చూస్తే ఫస్ట్ గుర్తొచ్చేది టిక్ ఫీవర్. గోమార్లు, కొందరు పిడుదులు అంటారు, ఆ బ్రౌన్ రంగు గోమారి కరిచినప్పుడు ఎర్లీకియా అనే బ్యాక్టీరియా రక్తంలోకి పోతుంది. కొన్ని కుక్కలకి దాంతో కీళ్లు పట్టేస్తాయి, ఇవాళ ఈ కీలు రేపు ఇంకోటి, అందుకని కుంటే కాలు కూడా మారుతూ ఉంటుంది. జ్వరం వచ్చి పోతుంటుంది, ఒకపూట గిన్నె నాకేస్తాడు ఒకపూట వాసన చూసి పక్కకి పోతాడు, లోపల ప్లేట్‌లెట్స్ పడిపోతుంటాయి, ముదిరిందంటే ముక్కులోంచి రక్తం, చిగుళ్ల మీద ఎర్ర మచ్చలు. అప్పటిదాకా బయటికి కనిపించేది ఏంటంటే "కొంచెం డల్‌గా ఉన్నాడు, కుంటుతున్నాడు, మళ్లీ బాగానే ఉన్నాడు", ఇంతే. ఇంట్లోవాళ్లకి ఇది డ్రామాలాగే కనిపిస్తుంది, వాళ్ల తప్పు కూడా కాదు.

నాలుగో ఫ్లోర్‌లో ఉంటాం మేడమ్, మట్టిలో తిప్పం, మాకు గోమార్లెందుకొస్తాయి అని అడుగుతారు. ఈ రకం గోమారికి మట్టి అక్కర్లేదు, గోడ పగుళ్లలో, స్కర్టింగ్ సందుల్లో, సోఫా కింద గుడ్లు పెట్టి ఇంట్లోనే సంసారం చేసేస్తుంది. లిఫ్ట్‌లో ఇంకో కుక్క వచ్చి పోయినా చాలు. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా ఉంటాయి, వానాకాలంలో చెప్పక్కర్లేదు. కాబట్టి బ్రూనో చెవుల లోపల, వేళ్ల మధ్యలో, తోక కింద, కాలర్ కింద ఇవాళే వెతకండి. గోమారి కనిపించకపోయినా ఒక సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), టిక్ ఫీవర్ టెస్టు చేయించండి. తేలితే మందు మామూలుదే, డాక్సీసైక్లిన్, కాకపోతే 28 రోజులు వాడమంటారు మామూలుగా, నాలుగో రోజుకే ఉషారొచ్చిందని ఆపేసి మళ్లీ నెలకి వచ్చేవాళ్లు బోలెడు మంది. దయచేసి ఆపకండి.

కాలు మారడానికి ఇంకోటి కూడా ఉంది, మీ బ్రూనోకి వయసు దాటింది కానీ ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుంది. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతుల్లో 5 నెలల నుంచి 18 నెలల మధ్యలో ఎదిగే ఎముకల లోపల నొప్పి వస్తుంది, పానాస్టియైటిస్ అంటారు, అది కూడా ఒక కాలు తర్వాత ఇంకో కాలు పట్టుకుంటుంది, వారాల తరబడి వచ్చి పోతుంది. దానంతటదే తగ్గేదే కానీ ఉన్నన్ని రోజులు నొప్పి మాత్రం నిజం.

ఇక బాల్ సంగతి. "బాల్ వేస్తే ఉరుకుతాడు కాబట్టి నొప్పి లేదు" అనేది వినడానికి కరెక్టే అనిపిస్తుంది, కానీ కుక్క ఒంట్లో అట్లా పనిచేయదు. ఎగ్జైట్ అయినప్పుడు అడ్రినలిన్ ఎక్కుతుంది, నొప్పి కాసేపు వెనక్కి పోతుంది, ఆట అయిపోయి గంట పడుకుని లేచాక చూడండి అసలు సంగతి. ఇంట్లో మూడు కాళ్ల మీద వచ్చిన కుక్క మా క్లినిక్ గుమ్మం తొక్కగానే నాలుగు కాళ్ల మీద పరేడ్ చేస్తుంది, ఓనర్ల మొహాలు చూడాలి అప్పుడు, "మేడమ్ నిజంగా కుంటాడు మేడమ్, ఒట్టు" అని. నమ్ముతానండీ, నాకు మీ ఒట్టు అక్కర్లేదు. మందుల వాసన, వేరే కుక్కల వాసన, భయం, అన్నీ కలిసి కుంటుడు దాచేస్తాయి. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ఇంట్లో ఫోన్‌తో వీడియో తీసుకురండి, పక్కనుంచి ఒకటి, ఎదురునుంచి ఒకటి, మామూలు నడక, పరుగు కాదు. వీలైతే స్లో మోషన్‌లో. నవ్వుకోడానికి తీసిన ఆ ఫ్యామిలీ గ్రూప్ వీడియోలు కూడా పట్టుకెళ్లండి, డాక్టర్‌కి బంగారం అవి.

ఆ వీడియోలో మీరు కూడా చూడగలిగేది ఒకటుంది. ముందుకాలు నిజంగా నొప్పి ఉంటే ఆ కాలు నేలకి ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు తల కిందికి దిగుతుంది, ప్రతి అడుగుకీ ఒకే లెక్క, తాళం తప్పదు. వెనక కాలైతే తుంటి పైకి ఎగరేస్తాడు. అలవాటుతో కుంటే కుక్కల్లో ఈ తాళం కుదురుగా ఉండదు, నాలుగడుగులు కుంటి, రెండడుగులు మర్చిపోయి, మీ వైపు చూసి మళ్లీ గుర్తుతెచ్చుకుంటాయి. అట్లాగే గోళ్లు చూడండి, వాడని కాలికి గోళ్లు అరగవు, పక్కకాలి కంటే పొడుగ్గా ఉంటాయి. రెండు భుజాలూ రెండు తొడలూ చేత్తో పట్టి పోల్చండి, ఒక పక్క కండ తగ్గితే ఆ నొప్పి వారాల నుంచి ఉన్నట్టే, దాన్ని ఏ కుక్కా యాక్ట్ చేయలేదు. థర్మామీటర్ ఉంటే టెంపరేచర్ చూడండి, కుక్కకి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా నార్మలే, మన లెక్కలో జ్వరం అనిపిస్తుంది కానీ కాదు, 103 దాటితే ఆలోచించాలి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అనే లెక్క పక్కన పెట్టేయండి, దాంతో ఏం తేలదు. వేళ్ల మధ్యలో ముల్లు, విరిగిన గోరు, ఎండాకాలమైతే మధ్యాహ్నం రోడ్డు మీద నడిపిస్తే కాలిన పాదాలు, ఇవి కూడా ఒకసారి. మీ ఇంట్లో టైల్స్ నున్నగా ఉంటే అది కూడా చూసుకోండి, జారి జారి భుజం బెణికించుకునే ల్యాబ్‌లు అపార్ట్‌మెంట్లలో చాలా ఎక్కువ.

అన్నిటికంటే తేలిక పరీక్ష, ఎవరూ లేనప్పుడు ఏం చేస్తాడో చూడడం. హాల్లో ఒక చిన్న సీసీ కెమెరా పెట్టండి, లేదంటే పాత ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి అందరూ కిందికి పోయి ఓ గంట చాయ్ తాగి రండి. పడుకుని లేచిన మొదటి పదడుగులు ముఖ్యం. ఎవరూ చూడనప్పుడు కూడా కుంటితే నొప్పి, ఇంక వాదన లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మామూలుగా తిరిగి, తలుపు చప్పుడు వినగానే కాలెత్తితే, అదీ ఒక్కరోజు కాదు వరసగా నాలుగైదు రోజులు అట్లాగే ఉంటే, పైన చెప్పిన టెస్టులన్నీ క్లియర్‌గా వస్తే, అప్పుడు మీవాడు నేర్చుకున్నాడని ఒప్పుకోవచ్చు.

పోమరేనియన్, షిట్జూ ఉన్నవాళ్లకి ఓ మాట. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు గాల్లోకి ఎత్తి రెండు మూడు గెంతులు గెంతి మళ్లీ ఏం జరగనట్టు నడుస్తుంది కదా, "మా క్యూటీ స్టయిల్" అని మురిసిపోతుంటారు, అది చాలాసార్లు మోకాలి చిప్ప పక్కకి జారి మళ్లీ వెనక్కి కూర్చోవడం. చూపించండి. అట్లాగే ఎత్తుకోగానే, బెల్టు లాగగానే బాతులాగా గక్ గక్ అని దగ్గితే గారాబం అనుకోకండి, గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోతుండొచ్చు, మెడకి కాలర్ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి.

సరే, బ్రూనోది అలవాటే అని తేలిందనుకుందాం. దాన్ని నటన అనొచ్చా? జంతువుల్లో దెబ్బ తగిలినట్టు చేసేవి లేకపోలేదు, నేలమీద గుడ్లు పెట్టే ప్లవర్ జాతి పిట్టలు గూడు దగ్గరికి నక్కో కుక్కో వస్తే రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దూరంగా నడుస్తాయి, అది వెంటపడగానే కొంతదూరం తీసుకెళ్లి తుర్రుమంటాయి. అది పుట్టుకతో వచ్చిన విద్య. కుక్కలకి అట్లాంటిది లేదు కానీ తెలివి మాత్రం ఉంది. 2017లో జ్యూరిక్‌లో ఒక ప్రయోగం చేశారు, ఇద్దరు మనుషులు, ఒకామె కుక్క చూపించిన డబ్బాలో తిండి దానికే ఇస్తుంది, ఇంకొకామె తనే ఉంచేసుకుంటుంది. మూడు డబ్బాలు, ఒకదాంట్లో సాసేజ్, ఒకదాంట్లో మామూలు బిస్కెట్, ఒకటి ఖాళీ. కొంత అలవాటయ్యాక కుక్కలు ఆ ఇవ్వనామెని ఖాళీ డబ్బా దగ్గరికి ఎక్కువసార్లు తీసుకెళ్లడం మొదలుపెట్టాయి. అంటే ఎవరితో ఏది వర్కవుట్ అవుతుందో వాటికి బాగానే తెలుసు. మీ అత్తయ్యగారి ముందే కుంటడం, మీ ఆయన ముందు కుంటకపోవడం అందులో భాగమే.

అయితే దీనికి బ్రూనో కూర్చుని ప్లాన్ వేయక్కర్లేదు. కాలు నలిగిన వారం ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. కుంటితే చాలు అందరూ చుట్టూ మూగారు, నేలమీద కూర్చుని కాలు నిమిరారు, అన్నం చేత్తో తినిపించారు, అత్తయ్యగారు చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ పెట్టారు (మీరు రాయలేదు కానీ పెట్టే ఉంటారు, ఈ ఊళ్లో పెట్టని అమ్మమ్మ నానమ్మ నాకు ఇంతవరకు కనపడలేదు). నొప్పి పోయింది, బిస్కెట్ పోలేదు. కాలెత్తితే బిస్కెట్ వస్తుంది అనేది అట్లా ఒంట్లోకి ఎక్కిపోతుంది. తర్వాత మీరు నవ్వడం కూడా దానికి జీతమే, ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ "అయ్యో పాపం బ్రూనో" అంటే అదీ జీతమే. తిట్టడం కూడా కొన్ని కుక్కలకి జీతంలోకే వస్తుంది, పొద్దుటినుంచి ఎవరూ పట్టించుకోని కుక్కకి తిట్టు అంటే కనీసం తనవైపు చూశారని.

2021లో లండన్‌లో ఒకాయన కాలు విరిగి కట్టుతో తిరుగుతుంటే ఆయన కుక్క కూడా కుంటడం మొదలుపెట్టింది, ఎక్స్-రే అదీ ఇదీ తీయించి 300 పౌండ్లు ఖర్చుపెట్టాక కాలికేం లేదని తేలింది, ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని చూసి అందరూ నవ్వారు, నాకు నచ్చింది వేరే, ఆయన ముందు ఎక్స్-రే తీయించాడు.

ఇప్పుడు మాన్పించడం ఎట్లా. కుంటినప్పుడు ఎవరూ చూడొద్దు, మాట్లాడొద్దు, నవ్వొద్దు, తిట్టొద్దు, గోడని చూసినట్టు ఉండండి. నాలుగు అడుగులు మామూలుగా వేశాడా, అప్పుడు పిలిచి నిమరండి, ముక్క పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు కుంటుడు పెంచుతాడు, ఈడుస్తాడు, మూలుగుతాడు, మీకు గుండె తరుక్కుపోతుంది, అప్పుడు ఒక్కరు కరిగి బిస్కెట్ పెట్టారనుకోండి కథ మొదటికి కాదు, ఇంకా వెనక్కి పోతుంది. ఎప్పుడూ దొరికే దానికంటే ఎప్పుడో ఒకసారి దొరికేదాని కోసమే కుక్క గట్టిగా పట్టుబడుతుంది, ఎందుకంటే ఈసారి రాకపోయినా వచ్చేసారి వస్తుందేమో అని.

అసలు కష్టం బ్రూనో కాదు, మీ అత్తయ్యగారు. పెద్దావిడని "పెట్టొద్దు" అంటే చాటుగా పెడతారు, అప్పుడు మీకు తెలియను కూడా తెలియదు. అందుకని పెట్టే పని ఆవిడకే అప్పజెప్పండి. రోజూ సాయంత్రం ఆవిడ సోఫాలో కూర్చుని "సిట్" అనాలి, వాడు కూర్చోవాలి, ఆవిడ చేత్తోనే ముక్క, ఉడికించిన చికెన్ చిన్న ముక్కో క్యారెట్ ముక్కో, బిస్కెట్ కాదు, ల్యాబ్‌కి బరువు పెరిగితే ఈసారి కుంటుడు ఒరిజినల్ వస్తుంది. "అత్తయ్యా, మీ మాటే వింటాడు, మా మాట వినడు" అని ఒక్కసారి అనండి చాలు. ఆవిడకి పెట్టిన సంతోషం ఉంటుంది, వాడికి బాగా నడిచి వచ్చి కూర్చుంటే దొరుకుతుందని తెలుస్తుంది. నేను చెప్పినవాళ్లలో ఈ ఉపాయం పనిచేసినంతగా కోప్పడ్డం ఎక్కడా పనిచేయలేదు.

ఒకటి గమనించండి, బాల్కనీ తలుపు దగ్గరికి పోయినప్పుడే కుంటితే అది వేరు. కాలు అక్కడే నలిగింది కాబట్టి ఆ చోటంటే భయం ఉండొచ్చు. దానికి పట్టించుకోకుండా ఉండడం మందు కాదు, తలుపు తెరిచి కదలకుండా స్టాపర్ పెట్టి, అక్కడే గిన్నె పెట్టి తినిపిస్తూ మెల్లగా అలవాటు చేయాలి.

ఇంక అలక సంగతి. మూలకి పోయి గోడవైపు తిరిగి కూర్చుంటే మనకి సత్యభామే గుర్తొస్తుంది, అందులో అనుమానం లేదు, కానీ లోపల జరిగేది అది కాకపోవచ్చు. 2009లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆవిడ 14 కుక్కల మీద ఒక పరీక్ష చేసింది. ఓనర్ తినొద్దని చెప్పి బయటికి పోతారు, లోపల కుక్క తిన్నదా లేదా అనేది పరీక్ష చేసేవాళ్లు ఓనర్‌కి కొన్నిసార్లు అబద్ధం చెప్తారు, తిన్నదని వింటే ఓనర్ తిడతారు. తేలింది ఏంటంటే ఆ తప్పు చేసిన మొహం అనేది తప్పుతో సంబంధం లేకుండా తిట్టుతో వస్తోంది, ఏమీ తినకుండానే తిట్లు తిన్న కుక్కలే ఎక్కువ మొహం పెట్టాయి. చూపు పక్కకి తిప్పడం, చెవులు వెనక్కి, ఒళ్లు చిన్నగా చేసుకోవడం, పెదాలు నాకడం, ఆవలించడం, ఇవన్నీ "గొడవ వద్దు, తగ్గు" అని కుక్క భాషలో అడగడం. బ్రూనో గోడవైపు తిరిగింది మిమ్మల్ని సాధించడానికి కాకపోవచ్చు, గొంతు పెరిగింది కాబట్టి కళ్లల్లోకి చూడకుండా తప్పుకున్నాడు. మీరు ఆ టైమ్‌లో ఎదురుగా పోయి మొహం పట్టుకుని "నా వైపు చూడరా" అంటే వాడు తగ్గమని అడుగుతుంటే మీరు పెంచుతున్నట్టు, కొన్ని కుక్కలు అప్పుడే కరుస్తాయి, పిల్లలున్న ఇళ్లల్లో మరీ జాగ్రత్త. వదిలేయండి, పది నిమిషాలాగి వేరే గదిలోంచి మామూలు గొంతుతో పిలవండి, లీష్ చప్పుడు చేయండి, వస్తాడు.

అంటే ఆ జాలి మొహం అంతా ఉత్తదేనా అంటే కాదు. 2017లో ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీవాళ్లు చూశారు, మనిషి తనవైపు తిరిగి ఉన్నప్పుడు కుక్క మొహంలో కదలికలు ఎక్కువ, వీపు తిప్పితే తక్కువ. విచిత్రం ఏంటంటే తిండి ఎదురుగా ఉందా లేదా అనేదానికి మొహం పెద్దగా మారలేదు. కనుబొమ్మలు లోపలివైపు పైకెత్తి కళ్లు పెద్దవి చేసే ఆ చూపు కోసం కుక్కలకి ఒక కండరం గట్టిగా ఉందని, తోడేళ్లలో అది సరిగ్గా లేదని 2019లో ఇంకో పరిశోధనలో వచ్చింది. వేల ఏళ్లు మన పక్కన బతికి తయారైన మొహం అది, మన పని తట్టుకోవడమే. హస్కీలు పెంచేవాళ్లకి చెప్పక్కర్లేదు, నెయిల్ కట్టర్ డ్రాయర్‌లోంచి తీస్తేనే పక్క ఫ్లాట్‌వాళ్లు పరిగెత్తుకొచ్చేలా ఏడుస్తుంది. అది కూడా నూటికి నూరుపాళ్లు డ్రామా అనుకోను, ఎప్పుడో ఒకసారి గోట్లో రక్తనాళం దాకా కత్తిరించి ఉంటారు, అది గుర్తుంటుంది.

పిల్లుల గురించి కింద కామెంట్లలో ఒకరు అడిగారు కాబట్టి దీంట్లోనే రాస్తున్నా. తిరుపతి వెళ్లి నాలుగు రోజులకి వస్తే పిల్లి మొహం తిప్పేసుకుంది, అలిగిందా అని. మీ మీద కొత్త వాసనలు, ఇంట్లో నాలుగు రోజులు మారిన టైమింగులు, పిల్లికి సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, వెంటపడి ఎత్తుకోకండి, మామూలు టైమ్‌కి తిండి పెట్టండి, అదే వచ్చి కాళ్లకి రుద్దుకుంటుంది. గిన్నె నిండుగా ఉన్నా పొద్దున్నే ఏడుపులాంటి గురగురతో లేపే పిల్లుల సంగతైతే, ఆ గురగుర లోపల నిజంగానే ఒక ఏడుపు స్థాయి శబ్దం కలిపి పెడతాయని సస్సెక్స్ యూనివర్సిటీవాళ్లు 2009లో రికార్డు చేసి చూపించారు. లేచి పెడతారు కాబట్టి కలుపుతాయి.

కానీ పిల్లి విషయంలో అలక అనే మాట కొంచెం పొదుపుగా వాడండి. నొప్పి దాచడంలో కుక్క కంటే పిల్లి నాలుగాకులు ఎక్కువ చదివింది. మంచం కింద చేరి ఒకరోజంతా తినకుండా కూర్చుంటే అలక కాదు. చెవులు రెండూ పక్కలకి వాలిపోయి, కళ్లు సగం మూసి, మూతి బిగబట్టి, మీసాలు బిర్రుగా పెట్టి, తల భుజాల కంటే కిందికి దించి కూర్చుందంటే నొప్పిలో ఉంది, మొహం చూసి పిల్లి నొప్పి కొలవడానికి మాంట్రియల్‌లో తయారుచేసిన గ్రిమేస్ స్కేల్‌లో చూసేవి ఈ ఐదే. మగపిల్లి మట్టి ట్రేలోకి పదే పదే పోయి అరుస్తూ కూర్చుని చుక్క కూడా పోయకుండా వస్తోందంటే ఓవరాక్షన్ అని ఒక్క గంట కూడా ఆగకండి, మూత్రం బిగుసుకుపోయింది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే తీసుకెళ్లాల్సిందే.

మందుల విషయం. మీరు అడగలేదు కానీ మూలిగితే ఇంట్లో ఎవరో ఒకరు డోలో సగం చేసి అన్నంలో పెడదాం అంటారు, నాకు తెలుసు. పిల్లికి పారాసెటమాల్ విషం, ఒక్క మాత్ర చాలు చంపడానికి. కుక్కకి కూడా మన నొప్పి మాత్రలు, బ్రూఫెన్, కాంబిఫ్లామ్, పెట్టొద్దు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. పోయినసారి మిగిలిన సిరప్ కూడా వద్దు. నొప్పి మందు పడితే డాక్టర్ చూసేసరికి కుంటుడు కనపడదు, ఏ కాలో కూడా తెలియదు.

కాబట్టి మీరు చేయాల్సింది, ఇవాళ గోమార్లు వెతకడం, రాత్రికి కెమెరా పెట్టడం, రేపో ఎల్లుండో వీడియోలు పట్టుకుని వెళ్లి కీళ్లన్నీ చేత్తో చూపించి రక్తపరీక్ష చేయించడం. ముందు చూసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి, నలిగినప్పటి కాలు ఎట్లుందో ఆయనకే తెలుసు. ఖర్చు గురించి ఆలోచిస్తే నారాయణగూడలో గవర్నమెంట్ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్ కాలేజీలో కూడా చూస్తారు, పొద్దున్నే వెళ్తే లైన్ తక్కువ. అన్నీ నార్మల్ వచ్చాకే అత్తయ్యగారి ట్రైనింగ్ మొదలుపెట్టండి. ఈలోపు అన్నం మానేసినా, 103 దాటినా, చిగుళ్లు తెల్లబడ్డా, కాలు పూర్తిగా నేలకి ఆనించకపోయినా కెమెరా సంగతి వదిలేసి అదేరోజు తీసుకెళ్లండి. రిపోర్టులో ప్లేట్‌లెట్స్ ఎంత వచ్చాయో ఇక్కడ రాయండి, చూసి చెప్తా.